రాంబుల్ మజిలీ: సెంట్రల్ పార్క్ వసంత వలసపై ఒక కేస్ స్టడీ

ఏప్రిల్ మొదలు నుంచి మే నెలాఖరు దాకా న్యూయార్క్ సెంట్రల్ పార్క్‌లో కనిపించే చిన్న పిట్టల్లో చాలావరకు అక్కడ గూడు పెట్టేవి కావు. మధ్య అమెరికాలో, కరీబియన్ దీవుల్లో, దక్షిణ అమెరికా ఉత్తర భాగంలో చలికాలం గడిపి, కెనడా అడవులకో న్యూ ఇంగ్లండ్ కొండలకో పోతూ దారిలో ఆగినవి. కొన్ని ఒక్క పగలే ఉంటాయి, కొన్ని మూడు నాలుగు రోజులు ఉంటాయి. ఆ ఆగడాన్ని ఇక్కడ మజిలీ అంటున్నాం. ఈ కేస్‌లో తేల్చుకోవలసిన ప్రశ్న ఒకటే: మజిలీ చేసిన పిట్ట దిగినప్పటికంటే బరువెక్కి, ఒంటికి దెబ్బ తగలకుండా వెళ్తోందా? ఫలానా ఉదయం ఎన్ని జాతులు కనిపించాయన్న లెక్క దీనికి జవాబు చెప్పదు. ఆ లెక్క బాగా పెరిగిన రోజే పిట్టలకు గడ్డు రోజు అయ్యే అవకాశం ఉంది. ఎందుకో కింద వివరంగా చూద్దాం.

స్థలం

సెంట్రల్ పార్క్ విస్తీర్ణం 843 ఎకరాలు. పొడవు దాదాపు 4 కిలోమీటర్లు, వెడల్పు 800 మీటర్లు. నాలుగు వైపులా మేడలు. అట్లాంటిక్ తీరం వెంబడి సాగే వలస దారి మీద ఉంది కాబట్టి పార్కులో ఇప్పటిదాకా 270కి పైగా పక్షి జాతులు నమోదయ్యాయి. ఫ్రెడరిక్ లా ఓమ్‌స్టెడ్, కాల్వర్ట్ వాక్స్ 1858లో వేసిన ప్రణాళికలో రాంబుల్ అనే తోపు మొదటినుంచీ ఉంది. 73వ వీధికి, 79వ వీధికి మధ్య సుమారు 36 ఎకరాల మెలికల దారులు, బండరాళ్లు, పొదలు. దక్షిణాన, పడమట సరస్సు. నడిమధ్యలో గిల్ అనే సన్నటి వాగు. అది సహజమైన వాగు కాదు. నగరపు నీటి గొట్టంతో పారేది, కట్టేస్తే ఆగిపోయేది. ఈ ఒక్క వివరం నిర్వహణలో చాలా ముఖ్యం, మళ్లీ ప్రస్తావనకు వస్తుంది. పార్కు ఉత్తర కొసన నార్త్ వుడ్స్ అనే ఇంకో అడవి ముక్క ఉంది. జనం తాకిడి అక్కడ తక్కువ. పిట్టలకు అది రాంబుల్ కంటే ఏమాత్రం తీసిపోదు, చూసేవాళ్లు తక్కువ కాబట్టి లెక్కల్లోకి తక్కువగా ఎక్కుతుంది.

ఆకాశంలోంచి తెల్లవారుజామున చూసే పిట్టకు ఈ పార్కు కాంక్రీటు మధ్య పచ్చటి దీవి. దిగడానికి వేరే చోటు లేదు. అందుకే పదుల కిలోమీటర్ల మేర చెదిరి దిగాల్సినవి ఇక్కడ కుప్పబడతాయి. రాంబుల్‌లో ఒక్క ఓక్ చెట్టు మీద అరడజను జాతుల వార్బ్లర్లు (పురుగులు తినే చిన్న పాటపిట్టలు) కనిపించడానికి ఆ చెట్టు గొప్పతనం కొంతే కారణం. చుట్టూ ఏమీ లేకపోవడం ఇంకా పెద్ద కారణం.

ఒంట్లో కొవ్వు లెక్క

వార్బ్లర్ బరువు మామూలుగా 9 నుంచి 12 గ్రాములు. రాత్రి ప్రయాణంలో గంటకు శరీర బరువులో సుమారు ఒక శాతం కరిగిపోతుంది. ఎనిమిది గంటలు ఎగిరితే ఎనిమిది శాతం, అంటే గ్రాముకు కొంచెం తక్కువ. ఆ కరిగేదంతా దాదాపు కొవ్వే. కొవ్వు అయిపోతే రొమ్ము కండరం కరగడం మొదలవుతుంది. మంచి మేత దొరికిన చోట రోజుకు రెండు మూడు శాతం బరువు పెరిగితే, ఒక రాత్రి ఖర్చు పూడ్చుకోవడానికి మూడు రోజులు పట్టినట్టు. మేత అంతంత మాత్రమైతే ఆ మూడు రోజులు ఆరవుతాయి. గూడు కట్టే చోటికి ఆలస్యంగా చేరిన మగపిట్టకు మంచి జాగా దొరకదు. పైగా పార్కులో ఉన్న ప్రతి అదనపు రోజూ చుట్టూ ఉన్న మేడల గాజుకు గుద్దుకునే అవకాశం ఉన్న రోజే. మేతకూ ప్రమాదానికీ ఉన్న ఈ ముడి గమనించకపోతే పార్కు పని రెండు వేర్వేరు శాఖల పనిగా కనిపిస్తుంది. చెట్లు ఒకరివి, గాజు ఇంకొకరిది. పిట్టకు మాత్రం రెండూ ఒకే ఖాతా.

పిట్ట నిజంగా బరువెక్కుతోందా అని ఎలా తెలుస్తుంది? రెండు పద్ధతులున్నాయి. మొదటిది, అనుమతి ఉన్నవాళ్లు సన్నటి వలలతో పట్టి, తూచి, పట్టిన గంటను పక్కన రాసుకోవడం. ఉదయం ఆరింటికి పట్టిన వాటికంటే పదకొండింటికి పట్టినవి సగటున బరువుగా ఉంటే మేత దొరుకుతున్నట్టే. రెండోది, రెక్క కింది నరం నుంచి ఒక చుక్క రక్తం తీసి ట్రైగ్లిసరైడ్, బీటా-హైడ్రాక్సీబ్యూటిరేట్ అనే రెండు పదార్థాలు కొలవడం. కొవ్వు కూడబెడుతున్న పిట్టలో మొదటిది ఎక్కువ, ఉపవాసం ఉన్న పిట్టలో రెండోది ఎక్కువ. ఒక్కసారి పట్టినా సమాధానం వస్తుంది కాబట్టి, మళ్లీ చిక్కని వలస పిట్టలకు రెండో పద్ధతే నయం. అయితే వలలో చిక్కిన కొద్ది నిమిషాల్లోనే రక్తం తీయాలి. ఆలస్యమైతే భయానికి లెక్కలు మారిపోతాయి. ఇదే నగరంలోని బ్రాంక్స్ పార్క్‌లో తూచి చూసిన పరిశోధనల్లో వలస పిట్టలు బరువు పెంచుకుంటున్నట్టు తేలింది. నగరపు పార్కు మేత లేని ఎడారి అన్న పాత అభిప్రాయం అక్కడితో బలహీనపడింది. పార్కుకు విలువ ఉంది. ఆ విలువను చుట్టుపక్కల మేడలు ఎంత హరిస్తున్నాయన్నది మిగిలిన ప్రశ్న.

రాత్రి: రాడార్ చెప్పేది, చెప్పనిది

పాటపిట్టలు ఎక్కువగా రాత్రి ప్రయాణం చేస్తాయి. సూర్యాస్తమయం తర్వాత 30 నుంచి 45 నిమిషాలకు లేస్తాయి. మే మొదట్లో న్యూయార్క్‌లో సూర్యుడు ఎనిమిదింటి ప్రాంతంలో అస్తమిస్తాడు కాబట్టి ఎనిమిదిన్నర తర్వాత వాతావరణ రాడార్ చూడాలి. లాంగ్ ఐలాండ్‌లోని అప్టన్ రాడార్, న్యూజెర్సీలోని ఫోర్ట్ డిక్స్ రాడార్ ఈ నగరానికి దగ్గరివి. రాడార్ కేంద్రం చుట్టూ గారెలాంటి వలయం నిమిషనిమిషానికి పెద్దదవుతుంటే పిట్టలు లేస్తున్నట్టు. అది వానా, పురుగులా, పిట్టలా అన్న అనుమానం వస్తే వేగం చూపే చిత్రాన్ని తెరవాలి. పురుగులు దాదాపు గాలి వేగంతోనే కొట్టుకుపోతాయి. పిట్టలు గాలి వేగానికి తమ వేగం కలుపుతాయి. కాబట్టి ఆ ఎత్తులో గాలి కంటే సెకనుకు ఎనిమిది పది మీటర్లు అదనంగా కనబడితే పిట్టలే. ఇంత చూడటం కష్టమనిపిస్తే కార్నెల్ పక్షిశాస్త్ర ప్రయోగశాల భాగస్వామిగా నడిచే బర్డ్‌కాస్ట్ అనే వెబ్‌సైట్ రాబోయే మూడు రాత్రుల వలసకు ముందస్తు అంచనా ఇస్తుంది. లైట్లు ఆర్పే నిర్ణయానికి అది చాలు.

కొత్తవాళ్లు తరచూ పొరబడేది ఇక్కడే. రాడార్ నిండిపోయిన రాత్రి తర్వాత పార్కు కూడా నిండుతుందని అనుకుంటారు. ఆకాశం నిర్మలంగా ఉండి, నైరుతి గాలి తెల్లార్లూ వీస్తే పిట్టలు నగరం మీదుగా సాగిపోతాయి. ఆగాల్సిన అవసరం వాటికి ఉండదు. పొద్దున్నే రాంబుల్ వెలవెలబోతుంది. పార్కు కిటకిటలాడాలంటే రెండు జరగాలి: సాయంత్రం దక్షిణం నుంచి గాలి వీచి పిట్టలు పెద్ద సంఖ్యలో లేవాలి, అర్ధరాత్రి దాటాక వానో పొగమంచో ఉత్తరపు గాలో అడ్డం రావాలి. ఎగరలేక, అలసి, ఉన్నచోట దిగిపోతాయి. చూడటానికి వచ్చినవాళ్లకు అది పండుగ. పిట్టలకు అది ఆపద. తక్కువ కొవ్వుతో, తడిసిన రెక్కలతో, తాము ఎంచుకోని చోట దిగిన గుంపు అది. అలాంటి ఉదయాల్లో ఎక్కువ జాతులు కనబడ్డాయని పార్కును మెచ్చుకోవడం తప్పు. గుద్దుకుని పడ్డ పిట్టల కోసం గాజు కింద వెతికే వాలంటీర్లను ఆ ఉదయాలకే రెట్టింపు చేయాలి.

వెలుగు

మబ్బు కమ్మి మేఘాలు కిందికి దిగిన రాత్రి పిట్టలు కూడా కిందికి దిగుతాయి. అప్పుడు నగరపు వెలుగు వాటిని లాగుతుంది. ఈ లాగుడు ఎంతటిదో న్యూయార్క్‌లోనే కొలిచారు. సెప్టెంబరు 11 స్మారకంగా ఏటా 88 సెర్చ్‌లైట్లతో వెలిగించే రెండు కాంతి స్తంభాల దగ్గర ఏడేళ్లలో ఏడు రాత్రులు రాడార్‌తో గమనించి 2017లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం సుమారు 11 లక్షల పిట్టల ప్రయాణం దెబ్బతింది. దీపాలు ఆర్పిన కొద్ది నిమిషాల్లోనే సుడులు తిరుగుతున్న గుంపు విడిపోయింది. అందుకే అక్కడ కాంతిలో పిట్టల సంఖ్య వెయ్యి దాటితే 20 నిమిషాలు ఆర్పే ఏర్పాటు ఉంది. అది శరదృతువు వలస నాటి లెక్క. వసంతంలోనూ ఇదే జరుగుతుందని షికాగో చూపించింది. మిషిగన్ సరస్సు ఒడ్డున ఉన్న మెక్‌కార్మిక్ ప్లేస్ భవనం కింద రెండు దశాబ్దాలపాటు రెండు వలసల్లోనూ చనిపోయిన పిట్టలను, ఆ రాత్రి వెలుగుతున్న కిటికీలను పక్కపక్కన రాసిన లెక్కలను విశ్లేషించి 2021లో ప్రచురించారు. వెలిగే కిటికీలను అంతకుముందు నమోదైన కనిష్ఠ స్థాయికి తగ్గిస్తే చావులు సుమారు 60 శాతం తగ్గుతాయని అందులో అంచనా కట్టారు. ఖర్చు లేని పని, స్విచ్ నొక్కితే అయిపోయే పని ఇంత మేలు చేస్తుందంటే మొదట చేపట్టాల్సింది అదే.

న్యూయార్క్ రాష్ట్ర ప్రభుత్వ భవనాల్లో 2015 నుంచి ఏప్రిల్ 15, మే 31 మధ్య రాత్రి 11 నుంచి తెల్లవారేదాకా అవసరం లేని బయటి లైట్లు ఆర్పే విధానం ఉంది. దీనిలో ఒక లోపం చెప్పుకోవాలి. పిట్టలు ఎనిమిదిన్నరకే గాల్లో ఉంటాయి. పదకొండింటికి ఆర్పేలోపు రెండున్నర గంటల రద్దీ గడిచిపోతుంది. పార్కు చుట్టూ ఉన్న భవనాలతో మాట్లాడేటప్పుడు అడగాల్సిన క్రమం ఇదీ: మొదట ఆకాశంలోకి కొట్టే అలంకారపు లైట్లు, ఇవి సూర్యాస్తమయం నుంచే ఆరిపోవాలి. తర్వాత పై అంతస్తుల ఖాళీ గదులు. ఆపైన కింది అంతస్తుల్లో చెట్లకు ఎదురుగా ఉన్న లాబీలు. లాబీని చీకటి చేయమంటే ఎవరూ ఒప్పుకోరు, తెర దించమంటే ఒప్పుకుంటారు. రాత్రి వెలుగులో దిగిన పిట్ట తెల్లవారేసరికి గాజు పాదాల దగ్గరే ఉంటుంది కాబట్టి లాబీ వెలుగు చిన్న సంగతి కాదు.

గాజు

రాత్రి గుద్దుకుని చచ్చేవి కొన్ని. ఎక్కువ చావులు తెల్లవారిన తర్వాతివి. వీధి చెట్టు మీద దిగిన పిట్ట వెలుగు రాగానే పచ్చదనం వైపు తక్కువ ఎత్తులో కదులుతుంది. ఎదురుగా ఉన్న గాజులో పార్కు చెట్లు అచ్చుగుద్దినట్టు కనిపిస్తాయి. పిట్ట నేరుగా ఆ చెట్లలోకే ఎగురుతుంది. న్యూయార్క్ నగరంలో ఏటా 90,000 నుంచి 2,30,000 పిట్టలు ఇలా చనిపోతున్నాయని ఎన్‌వైసీ బర్డ్ అలయన్స్ అంచనా. ఆ సంస్థ 2024 దాకా ఎన్‌వైసీ ఆడుబాన్ పేరుతో ఉండేది. గాజు కింద పడ్డ పిట్టలను లెక్కించే దాని ప్రాజెక్ట్ సేఫ్ ఫ్లైట్ 1997 నుంచి నడుస్తోంది. వైట్-త్రోటెడ్ స్పారో, ఓవెన్‌బర్డ్, కామన్ ఎల్లోత్రోట్, వుడ్‌కాక్ ఇలా దొరికేవాటిలో తరచూ కనిపించే పేర్లు. అన్నీ నేల దగ్గర, పొదల్లో తిరిగేవే. ఏ అంతస్తు గాజుకు ముందు చికిత్స చేయాలో ఈ పేర్లే చెబుతున్నాయి.

నగరం చేసిన 2020 నాటి లోకల్ లా 15 కూడా అదే అంటుంది. కొత్త కట్టడాల్లో, గాజు పెద్దఎత్తున మార్చే పనుల్లో, నేల నుంచి 75 అడుగుల దాకా బయటి గోడలో కనీసం 90 శాతం భాగం, పిట్టలకు కనిపించే పదార్థంతో ఉండాలి. 2021 జనవరి నుంచి ఇది అమల్లో ఉంది. 75 అడుగులు అంటే దాదాపు పెద్ద చెట్ల కొమ్మల ఎత్తు, ఆ అంకె బాగా ఆలోచించి పెట్టినదే. కానీ అంతకుముందే కట్టిన గాజు జోలికి చట్టం వెళ్లదు. సెంట్రల్ పార్క్ చుట్టూ ఉన్నది చాలావరకు పాత కట్టడమే.

పాత గాజుకు చేయగలిగింది స్పష్టం. బయటి ముఖం మీద చుక్కలో గీతలో అంటించాలి. ఒక గుర్తుకూ ఇంకోదానికీ మధ్య ఖాళీ నిలువునా అడ్డంగా 5 సెంటీమీటర్లు మించకూడదు. చుక్క వ్యాసం కనీసం 6 మిల్లీమీటర్లు, గీత మందం కనీసం 3 మిల్లీమీటర్లు. గాజు చీకటిగా ఉంటే తెల్ల గుర్తులు, వెనక వెలుతురుంటే ముదురు గుర్తులు. విఫలమయ్యే పద్ధతులు కూడా ఎప్పుడూ ఒకేలాంటివే. గుర్తులు లోపలి ముఖాన అంటిస్తే బయటి ప్రతిబింబం వాటిని కప్పేస్తుంది. డేగ బొమ్మ ఒకటి రెండు అంటిస్తే పిట్ట దాన్ని తప్పించుకుని పక్కనున్న ఖాళీ గాజుకు తగులుతుంది. పది సెంటీమీటర్ల దూరంలో పెడితే కింగ్లెట్ లాంటి బుల్లి పిట్ట సందులోంచి దూరొచ్చనుకుంటుంది. మూలలో రెండు గాజులు కలిసేచోట ఆరపార కనిపిస్తే, లోపల మొక్కల కుండీ గాజుకు ఆనించి ఉంటే, చుక్కలున్నా అక్కడ ఒకటి రెండు తగులుతూనే ఉంటాయి. కుండీని లోపలికి జరపాలి. ఇదే నగరంలో జావిట్స్ సెంటర్ అనే పెద్ద సమావేశ భవనం 2014లో పూర్తయిన మరమ్మతుల్లో పాత అద్దపు గాజు తీసి చుక్కల గాజు వేసింది. పిట్టల చావులు సుమారు 90 శాతం తగ్గాయి.

తగిలి కింద పడ్డ పిట్ట బతికే ఉంటే కాగితపు సంచిలో మెత్తటి గుడ్డ వేసి, పిట్టను నిలువుగా ఉంచి, సంచి నోరు మడిచి, చీకటిగా నిశ్శబ్దంగా ఉంచాలి. నీళ్లు పట్టకూడదు, గింజలు పెట్టకూడదు. లేచి కూర్చుంది కదా అని వెంటనే వదిలేయడం చాలామంది చేసే పొరపాటు. తలలో వాపు గంటల తర్వాత బయటపడుతుంది. మన్‌హాటన్‌లో వైల్డ్ బర్డ్ ఫండ్ వైద్యశాల ఉంది, అక్కడికి చేర్చాలి. చనిపోయినది దొరికితే చోటు, గోడ దిక్కు, సమయం, ఫొటోతో డీబర్డ్ అనే వెబ్‌సైట్‌లో నమోదు చేయాలి. ఏ గోడ అన్నది రాయకపోతే ఆ నమోదుతో భవన యజమాని దగ్గర ఏమీ మాట్లాడలేం.

మేత

పార్కు తన చేతులతో మార్చగలిగేది ఇదే, కాబట్టి ఎక్కువ శ్రద్ధ దీని మీదే ఉండాలి.

వసంతంలో వార్బ్లర్ల తిండి ప్రధానంగా లేత ఆకు మీద పుట్టే గొంగళి పురుగులు. ఓక్ చెట్టు వందలాది జాతుల సీతాకోకచిలుకల, రెక్కపురుగుల పిల్లలను పోషిస్తుంది. అది చిగురేసి పూత గుత్తులు వేలాడే రోజులూ, వార్బ్లర్లు ముమ్మరంగా వచ్చే మే మొదటి రెండు వారాలూ దాదాపు కలిసే వస్తాయి. పూత గుత్తుల్లో దాగిన బుల్లి పురుగుల కోసం పిట్టలు తలకిందులుగా వేలాడతాయి. ఐరోపా నుంచి తెచ్చి నాటిన నార్వే మేపుల్ పచ్చగా, గుబురుగా ఉంటుంది గానీ ఇక్కడి పురుగులకు ఆ ఆకు పెద్దగా పనికిరాదు. పిట్టకు అది ఖాళీ వంటిల్లు. పై నుంచి చూస్తే రెండూ పచ్చదనమే. పార్కులో ఎంత శాతం చెట్ల నీడ ఉందన్న అంకె వలస పిట్టల విషయంలో ఎందుకు మోసం చేస్తుందో దీంతో అర్థమవుతుంది.

ఏ చెట్టు ఎంత ఉపయోగపడుతోందో వల లేకుండా, కళ్లతోనే కొలవచ్చు. ఒక పిట్టను ఎంచుకుని కనబడినంతసేపు, గరిష్ఠంగా 60 సెకన్లు వెంటాడాలి. ఎన్నిసార్లు పొడిచింది, ఎన్నిసార్లు గాల్లోకి లేచి పట్టింది, ఏ చెట్టు మీద, ఆకు మీదా పూత మీదా బెరడు మీదా. పది సెకన్ల లోపు కనుమరుగైతే ఆ నమోదు కొట్టేయాలి. చెట్టు జాతికి కనీసం 30 నమోదులు లేకుండా పోల్చకూడదు. తర్వాత అదే దారిలో ఏ చెట్టు ఎంత వాటా ఉందో లెక్కపెట్టాలి. దారి పొడవునా చెట్లలో ఓక్‌లు పదోవంతై, పొడిచిన లెక్కలో సగం వాటివే అయితే తర్వాత నాటాల్సిన చెట్టు ఏదో తేలిపోతుంది. కనిపించిన మొదటి పిట్టనే ఎంచుకుంటూ పోతే ఎత్తులో చీకటి ఆకుల్లో తిరిగేవి లెక్కకు రావు. అందుకని ఒకసారి కింది పొద, ఒకసారి నడిమి కొమ్మ, ఒకసారి పైకొమ్మ అని వంతులవారీగా ఎంచుకోవాలి.

చల్లటి ఉదయాన ఈ లెక్క తలకిందులవుతుంది. పది డిగ్రీలకు దిగువన ఆకుల్లో పురుగు కదలదు. సరస్సు నీటిలోంచి లేచే కుట్టని చిరుదోమలు మాత్రం దొరుకుతాయి. అందుకే ఏప్రిల్ చలిలో పామ్ వార్బ్లర్లు, ఎల్లో-రంప్డ్ వార్బ్లర్లు, ఫీబీలు సరస్సులోకి చొచ్చుకొచ్చిన పాయింట్ అనే నేల కొస మీద, గాలి తగలని ఒడ్డున, నీటికి అరమీటరు ఎత్తులో తిరుగుతుంటాయి. ఆ రోజుల్లో ఒడ్డు పొదలు కత్తిరించి ఉంటే వాటికి నిలబడే కొమ్మ ఉండదు. దృశ్యం బాగా కనబడాలని మార్చిలో ఒడ్డును శుభ్రం చేయడం ఎంత నష్టమో ఒక్క చల్లటి వారం చాలు తెలియడానికి.

నేల మీద మేసేవి వేరు. హెర్మిట్ త్రష్, ఓవెన్‌బర్డ్, వుడ్‌కాక్ రాలిన ఆకుల కింద పురుగునూ వానపామునూ వెతుకుతాయి. ఆకును ఊడ్చి బ్లోయర్‌తో తోసేసిన చోట అవి దిగినా నిలవవు. దారి మీద ఊడవండి, దారి దాటిన ఆకును వదిలేయండి. ఆకు పొర నాలుగైదు వేళ్ల మందం ఉంటే చాలు. జనం దారి తప్పి తొక్కిన నేల గట్టిపడి ఆకు నిలవకపోతే, ఎండు కొమ్మలు అడ్డంగా పరిచి దారి మూసేయడం కంచె కంటే బాగా పనిచేస్తుంది.

పురుగు మందు సంగతి. ఎవరికీ నచ్చని గొంగళి పురుగు బెడద వచ్చినప్పుడు చెట్టు కాండంలోకి ఎక్కించే మందు ఆకు దాకా పాకుతుంది. ఆ ఆకు తిన్న ప్రతి పురుగూ చస్తుంది, మజిలీ పిట్టకు ఆ చెట్టు కూడా నార్వే మేపుల్‌తో సమానమవుతుంది. చెట్టును కాపాడక తప్పదనుకున్నా, పార్కంతా ఒకేసారి కాకుండా ప్రమాదం ఉన్న చెట్లకే పరిమితం చేయాలి.

ఇక నీరు. స్నానం చేయని రెక్క సరిగ్గా ఎగరదు. లోతు రెండు మూడు సెంటీమీటర్లు ఉండి, మెల్లగా పారే రాళ్ల వాగు వార్బ్లర్లకు కావాలి, లోతైన సరస్సు పనికిరాదు. గిల్ ఇందుకు సరిగ్గా సరిపోతుంది, గొట్టం తిప్పి ఉంటే. మరమ్మతుల కోసం దాన్ని కట్టేయాల్సి వస్తే మేలో కట్టకూడదు.

లెక్కింపులో పొరపాట్లు

రాంబుల్‌లో చూసేవాళ్లు ఎక్కువ కాబట్టి సమాచారం ఎక్కువ, పక్షపాతం కూడా ఎక్కువే. అరుదైన పిట్ట వార్త పాకగానే యాభై మంది ఒకే చెట్టు కింద చేరి, అందరూ వేర్వేరు జాబితాల్లో దాన్నే రాస్తారు. ఏటేటా పోల్చదగిన లెక్క కావాలంటే పద్ధతి మార్చకుండా చేయాలి. ఒకదానికొకటి 200 మీటర్ల దూరంలో ఎనిమిది బిందువులు, రాంబుల్‌లో సగం, నార్త్ వుడ్స్‌లో సగం. ఒక్కోచోట పది నిమిషాలు, 50 మీటర్ల పరిధి. సూర్యోదయం తర్వాత అరగంటకు మొదలుపెట్టి తొమ్మిదిలోపు ముగించాలి. వారానికి మూడు రోజులు, ఆ రోజులు ముందే నిర్ణయించుకోవాలి. వాతావరణం బాగుందని వెళ్లి, బాగాలేదని మానేస్తే పిట్టల లెక్క బదులు వాతావరణం లెక్క తయారవుతుంది. ఏమీ కనబడని ఉదయాన్ని కూడా సున్నాతో రాయాలి.

చెవి విషయంలో నిజాయితీ కావాలి. బ్లాక్‌పోల్ వార్బ్లర్ పాట ఎనిమిది నుంచి పది కిలోహెర్ట్జ్ దగ్గర, అంటే చాలా సన్నటి స్వరంలో ఉంటుంది. వయసు పైబడిన పరిశీలకులకు అది ముందుగా వినిపించకుండా పోతుంది. పదేళ్లుగా ఒకే వ్యక్తి లెక్కిస్తుంటే బ్లాక్‌పోల్ తగ్గినట్టు కనిపించడానికి ఆ చెవే కారణం కావచ్చు. జంటగా లెక్కించడం దీనికి మందు. పాట విని పిట్ట పేరు చెప్పే మెర్లిన్ యాప్ సహాయకారే, కానీ సన్నటి పాటలను ఒకదానికొకటి పొరబడుతుంది. కంటితో చూడనిదే దాని మాట లెక్కలోకి రాకూడదు. రికార్డు చేసిన పాట వినిపించి పిట్టను రప్పించడం లెక్కను చెడగొడుతుంది, తిండి మానిపించి పిట్టను కూడా చెడగొడుతుంది.

మనుషులు, కుక్కలు

సెంట్రల్ పార్క్‌లో నిర్ణీత స్థలాల్లో ఉదయం ఆరు నుంచి తొమ్మిది దాకా కుక్కలను పట్టీ లేకుండా వదలవచ్చు. రాంబుల్‌లో మాత్రం ఏ వేళైనా పట్టీ ఉండాల్సిందే. రాత్రంతా ఎగిరి దిగిన నేల పిట్ట ఆకలి తీర్చుకునే గంటలు సరిగ్గా ఆ మూడే. కుక్క పట్టుకోకపోయినా చాలు, ప్రతి అయిదు నిమిషాలకోసారి పొదలోంచి లేవాల్సి వస్తే ఓవెన్‌బర్డ్ ఆ పూట ఖర్చే తప్ప జమ చేసుకోదు. బోర్డు మీద నిబంధన సంఖ్య రాసే బదులు ‘ఇక్కడ నేల మీద పిట్టలు మేస్తున్నాయి, మే 31 దాకా’ అని రాస్తే ఎక్కువమంది వింటారన్నది నా అభిప్రాయం. తేదీ ఉన్న విన్నపాన్ని జనం గౌరవిస్తారు. కెమెరాలతో వచ్చే గుంపుకు కూడా అదే మాట: దారి మీద నిలబడితే పిట్ట తిరిగి తిరిగి అక్కడికే వస్తుంది, పొదలోకి దిగితే రాదు.

పనుల తేదీలు

కొమ్మల కత్తిరింపు, ఒడ్డు పనులు మార్చి మధ్యకల్లా ముగించాలి. వుడ్‌కాక్‌లు అప్పటికే వస్తుంటాయి. గిల్‌లో నీరు ఏప్రిల్ 1కల్లా పారాలి. ఏప్రిల్ 15 నుంచి లైట్లు ఆర్పడం, గాజు పక్కన ఉదయపు తనిఖీలు. మే 1 నుంచి 20 దాకా రాంబుల్‌లో, నార్త్ వుడ్స్‌లో యంత్రాలు, బ్లోయర్లు ఉదయం పదిలోపు కదలకూడదు. కలుపు తీవెలు, జపనీస్ నాట్‌వీడ్ తవ్వకాలు అక్కడి ఎండాకాలానికి (జూన్ 10 తర్వాతికి) వాయిదా వేసి, తీసేసిన చోట ఆకురాలు కాలంలో స్థానిక పొదలు నాటాలి. తీసి ఖాళీగా వదిలిన నేల వచ్చే వసంతంలో దాక్కోవడానికి చోటు లేని నేల అవుతుంది.

మే 20 దాటగానే జనం పలచబడతారు, పని మొదలుపెట్టవచ్చు కదా అన్న ఒత్తిడి వస్తుంది. అప్పటికి మగ వార్బ్లర్లు చాలావరకు వెళ్లిపోయి ఉంటాయి, నిజమే. కానీ ఆడపిట్టలు వెనక వస్తాయి. బ్లాక్‌పోల్‌లు, గ్రే-చీక్డ్ త్రష్‌లు, పొదల అడుగున నక్కే మోర్నింగ్ వార్బ్లర్లు, పాడితే తప్ప ఏది ఏ జాతో మనం గుర్తుపట్టలేని ఎంపిడోనాక్స్ ఈగపట్టు పిట్టలు జూన్ మొదటి రోజుల దాకా దిగుతూనే ఉంటాయి. పొద కత్తెరలు జూన్ 10కి ముందు బయటికి తీయకూడదు.